కాటాలమ్మకు పోసిన నీళ్ళు

తాడేపల్లిగూడెం నుంచి గణపవరం వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఒక రైస్ మిల్లు ఉంది. దానికి మేనేజరు వెంకట్రాజు గారు. మనిషి బి.యస్సీ., అందులోనూ ఫిజిక్సు. ఈ సంగతి ఆయన పనిగట్టుకుని ఎవరికీ చెప్పరు. చెప్పక తప్పని పరిస్థితి మాత్రం రోజుకొకసారి ఎలాగోలా వచ్చేస్తుంది.

ఆ మిల్లులోకి చుట్టుపక్కల ఊళ్ళ ధాన్యం వస్తుంది, బియ్యమూ తవుడూ బయటికి పోతాయి. బియ్యం మనుషులు తింటారు. తవుడు కొల్లేరు వైపు చెరువుల్లో చేపలు తింటాయి. ఆ చేపల్ని మళ్ళీ మనుషులు తింటారు. ఇంత పెద్ద లోకచక్రమూ తిరిగే దారిలో ఒక్కసారి వెంకట్రాజు గారి కాటా ఎక్కి దిగవలసిందే. కాటా అంటే లారీని లారీగా తూచే కాటా. దాని పక్కన చిన్న గది, గదిలో కంప్యూటరు, కంప్యూటరు ముందు స్టెల్లా. కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. కాటా మీద ఎంత బరువు పడితే అంతే చీటీ మీద అచ్చు వేసి ఇస్తుంది. గ్రాము కలపదు, గ్రాము తీయదు. మాటలు కూడా అంతే.

కాటా బిగించినప్పుడు ఏలూరు నుంచి వచ్చిన మెకానిక్ హేమంత్‌కుమార్ ఆ గది పక్కన మనిషి లోతు గొయ్యి తవ్వించి, అందులో రాగి రేకు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించి, పైకి ఒక ఇనప గొట్టం తీసి దాని మూతికి గరాటు పెట్టాడు. దీన్ని ఎర్తు గుంట అంటారనీ, యంత్రంలో దారి తప్పిన కరెంటు ఇందులోంచి నేలలోకి దిగిపోతుందనీ, నేల తడిగా ఉంటేనే అది దిగుతుందనీ, అందుకని రోజూ గరాట్లో ఒక బకెట్టు నీళ్ళు పొయ్యాలనీ చెప్పాడు. వినేవాళ్ళందరిలో ఆ మాట పూర్తిగా అర్థమైనది వెంకట్రాజు గారికే. కనక ఆ బాధ్యత ఆయనే తీసుకున్నారు.

ఆయన పొద్దున్నే స్నానం చేసి వస్తారు. అక్కడ బురద కాబట్టి చెప్పులు విడిచేస్తారు. ఆ పూట రావలసిన లారీలు మనసులో ఒకసారి వల్లె వేసుకోవడం అలవాటు కాబట్టి పెదవులు కదులుతూ ఉంటాయి. ఇలా తలంటుకున్న జుట్టుతో, ఒట్టి కాళ్ళతో, పెదవులు కదుపుతూ, నేలలోకి దిగిన గొట్టంలో నీళ్ళు పోస్తున్న పెద్దమనిషిని మిల్లు ఊడ్చే అచ్చమ్మ కొన్నాళ్ళు చూసింది. చూసి చూసి, ఇక్కడ ఎవరున్నారని అడిగింది. ఆవిడకి కరెంటు దారి తప్పడం గురించి చెప్పడమెలా అని ఆయన ఒక క్షణం ఆలోచించి, సులువు మార్గం ఎన్నుకున్నారు.

“దీనికి నీళ్ళు పొయ్యకపోతే కాటా తప్పు చూపిస్తుంది అచ్చమ్మా.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మర్నాటికి గరాటుకి పసుపు రాసి ఉంది. వారం తిరిగేసరికి కుంకం బొట్టూ, మందార పువ్వూ వచ్చాయి. కాటా న్యాయంగా చూపించాలని ధాన్యం తెచ్చిన రైతూ మొక్కాడు, తవుడు కొనే వ్యాపారీ మొక్కాడు. ఇద్దరిలో ఎవరికి అనుకూలంగా చూపించాలో పాపం అమ్మవారే తేల్చుకోవాలి. పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, కాటాలమ్మ అన్న పేరు డ్రైవర్ల నోట నిడదవోలు దాకా పాకింది.

వెంకట్రాజు గారు అప్పుడైనా చెప్పవచ్చు. కాలేజీలో మూఢనమ్మకాల మీద వ్యాసం రాసి బహుమతి పుచ్చుకున్న మనిషి. కాని లారీ డ్రైవర్లు హారన్ మానేసి, “గురువు గారూ, తమరు నీళ్ళు పోశాకే ఎక్కిస్తామండి” అంటుంటే, ముప్పై ఏళ్ళుగా మేనేజరు పదవి ఇవ్వని మర్యాద ఒక బకెట్టు ఇస్తుంటే, ఆ బకెట్టు గురించి నిజం చెప్పడానికి ఏ మనిషికైనా నోరు పెగలదు. పైగా అమ్మవారికి కొట్టిన కొబ్బరి చిప్పల్లో సగం ఆయన ఇంటికే వెళ్ళేవి. ఆ ఇంట్లో కొబ్బరి పచ్చడి లేని రోజు లేదు.

ఇక్కడిదాకా జరిగింది అజ్ఞానం మీద చిన్న చిరునవ్వు అనుకుని సరిపెట్టుకోవచ్చు. దసరా వెళ్ళాక జరిగింది అలా కాదు. చెరువు బాగా పండిన ఒక తవుడు వ్యాపారి, అమ్మవారికి గద్దె కట్టిస్తానని మొక్కుకున్నానంటూ పాలరాతి రంగు టైల్సు ఆటోలో వేసుకుని దిగాడు. తాపీమేస్త్రి ఇటికలు పేర్చి, సిమెంటు కలిపి, చివరికి వచ్చేసరికి ఆగాడు. గొట్టం అడ్డొస్తోందనీ, కోసేసి పైన టైలు పరిచేస్తే గద్దె నున్నగా వస్తుందనీ అన్నాడు. అందరూ వెంకట్రాజు గారి వంక చూశారు. వ్యాపారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అచ్చమ్మ కొంగు తల మీద కప్పుకుంది.

“కానివ్వండి,” అన్నారాయన.

ఆ తర్వాత కూడా నీళ్ళు రోజూ పోశారు, ఒక్క పూట మానలేదు. అవి టైల్సు మీద అందంగా జారి, పక్క కాలవలోంచి రోడ్డు మీదికి పోయేవి. పాత తడి ఉన్నన్నాళ్ళు నేల ఊరుకుంది. ఎండలు ముదిరేసరికి గద్దె కింద నేల ఎండిన కొబ్బరి పీచులా అయిపోయింది. అది మాత్రం ఎవరికీ కనపడదు. పైన మందారాలున్నాయి కదా.

సరిగ్గా వేసవిలో వచ్చే దాళ్వా పంట కోతలప్పుడు మిల్లు యజమానురాలు సుబ్బలక్ష్మి గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ ఉండేది ఏలూరులో. భర్త పోయాక మిల్లు తనే చూసుకుంటూ, నమ్మినవాళ్ళ చేతుల్లో ఒకటి రెండు దెబ్బలు తిని, అప్పటినుంచి కళ్ళతో చూసిందే నమ్ముదామనుకున్న మనిషి. కాటా మీద పడ్డ బరువు పడ్డట్టే ఏలూరులో తన ఫోనులో కనపడాలన్నది ఆవిడ కోరిక. ఇందుకోసం హేమంత్‌కుమార్ ఆఫీసు గది నుంచి కాటా గదికి ఆవరణ మీదుగా కేబులు లాగాడు. రేకు తొడుగు ఉన్న మంచి రకం కేబులు. దాన్ని కంప్యూటరు వెనక పెట్టాడు. కాసేపటికి కంప్యూటరు బిగుసుకుపోయింది.

బిగుసుకుపోవడం అంటే మామూలుగా కాదు. బాణం గుర్తు కదలదు. తెర మూల గడియారం ఆగిపోతుంది. లారీ కాటా దిగి, గేటు దాటి, టీ కొట్టు దగ్గర ఆగినా తెర మీద దాని బరువు అలాగే ఉంటుంది. కేబులు పీకి, మళ్ళీ మొదటినుంచి ఆన్ చేస్తే బుద్ధిమంతుడిలా పని చేస్తుంది. కేబులు పెడితే మళ్ళీ సమాధి.

హేమంత్‌కుమార్ కేబులు మార్చాడు. కేబులు దూర్చే కార్డు మార్చాడు. వైరస్ మందు తీసేసి చూశాడు, వేరే మందు వేసి చూశాడు. ఉన్నదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాడు. తన లాప్‌టాప్‌కి అదే కేబులు పెడితే ఏ పేచీ లేకుండా సినిమా పాట ఆడింది. అది బ్యాటరీ మీద నడుస్తోందన్న సంగతి ఆ ఎండలో అతనికి తట్టలేదు. అంటే కేబులు మంచిదే, కంప్యూటరూ మంచిదే. రెండు కుటుంబాలూ దేనికది పెట్టింది పేరు, వియ్యం అందుకుంటేనే గొడవ. బయట రోడ్డు పొడవునా ధాన్యం లారీలు నిలబడ్డాయి.

ఆ బుధవారం నాడు వెంకట్రాజు గారు కాటా గదిలో నిలబడి, ఊరికే ఆసరాకి కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేశారు. చెయ్యి జిల్లుమంది. అదే క్షణంలో హేమంత్‌కుమార్ చెమట తుడుచుకుంటూ అడిగాడు.

“ఎర్తుకి నీళ్ళు పోస్తున్నారా సార్?”

“రోజూ పోస్తున్నామండీ. ఒక్క రోజు తప్పలేదు.”

నోట్లోంచి మాట బయటికి వస్తూ ఉండగానే ఫిజిక్సు అంతా వెనక్కి తిరిగి వచ్చింది. దారి తప్పిన కరెంటు నేలలోకి దిగే వీలు లేక పెట్టెలో పోగుపడుతోంది. కేబులు పెట్టగానే దాని రేకు తొడుగు పట్టుకుని ఆఫీసు గది ఎర్తు వైపు పరిగెడుతోంది. మధ్యలో కంప్యూటరు ఉక్కిరిబిక్కిరి అవుతోంది. గొట్టం మూయించింది తను. నాలుక మీద ఇంకా తడి ఆరలేదు, ‘ఆగండి’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. హేమంత్‌కుమార్ కిటికీలోంచి తడిగా మెరుస్తున్న గద్దెని చూసి, ఫిజిక్సు చదివిన మనిషి చెప్పాక మీటరు పెట్టి చూడ్డం మర్యాద కాదనుకుని, ఇంకో కార్డు విప్పాడు. స్టెల్లా తన కుర్చీలో కూర్చుని ఉంది.

ఆయన ఆ మాట అననందుకు కారణాలు సాయంత్రం దాకా పోగుచేసుకున్నారు. అన్నీ బరువైనవే. భక్తుల మనోభావాలు, వ్యాపారి మొక్కు, మిల్లు పరువు. అసలు కారణం ఒక్కటే, అది చాలా తేలిక. గురువు గారు అన్న పిలుపు పోతుంది. కాటా మీద పెడితే ముల్లు కూడా కదలదు.

తన వంతు ప్రయత్నం మాత్రం చేశారు. ఎవరూ చూడకుండా గద్దె అంచుల చుట్టూ రెండు మూడు బకెట్లు గుమ్మరించారు. ఇనప చువ్వతో సిమెంటు సందుల్లో పొడిచి చూశారు. చివరికి, తన చేతులతో పుట్టించిన అమ్మవారి ముందే తను చేతులు జోడించి, ఎలాగోలా నువ్వే ఆ కంప్యూటరు చూసుకో తల్లీ అని మొక్కారు. ఏ శాస్త్రంలో చూసినా ఇంతకంటే దిగజారడానికి మెట్టు లేదు.

ఈలోగా మిగిలిన లోకం తన తీర్పు తను రాసుకుంటోంది. మిషన్‌లో లోపమేమీ కనపడలేదని హేమంత్‌కుమార్ చెప్పాడు. మిషన్‌లో లేకపోతే మనిషిలో ఉన్నట్టే కదా అని లోకం లెక్క. బరువులు ఏలూరు దాకా కనపడటం ఎవరికి ఇష్టం లేదో ఆలోచించండి అని ఒక డ్రైవరు నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటలకే కాళ్ళెక్కువ. అచ్చమ్మకి స్టెల్లా మీద కోపం లేదు, జాలే.

“ఆ పిల్లని అనకండి బాబుగారూ. వాళ్ళ దేవుడు వేరు, మొక్కమంటే ఎలా మొక్కుతాది. అమ్మకే అలక,” అంది.

వెంకట్రాజు గారు ఆ మాట విని తల పంకించారు. పంకించాక ఆ తలని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పూట ఇంట్లో కొబ్బరి పచ్చడి ముద్ద కంచంలో పక్కకి నెట్టేశారు. భార్య ఉప్పు చాల్లేదేమోనని మళ్ళీ వేసింది.

శుక్రవారం సుబ్బలక్ష్మి గారు ఫోను చేశారు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

“వెంకట్రాజు గారూ, తీగ తీస్తే నడిచే మిషను, పెడితే పడుకుంటోందంటే పడుకోబెట్టేవాళ్ళు ఎవరో ఉండాలి కదండీ. పోలీసులూ అవీ వద్దులెండి, ఆడపిల్ల. సోమవారం నుంచి రావద్దని చెప్పండి. వాళ్ళ నాన్నగారికి నేనే ఫోను చేసి కారణం చెప్పాను, పెద్దాయన తెలుసుకోవాలి కదా.”

వెంకట్రాజు గారు సరేనండీ అన్నారు. ఆ మాట స్టెల్లాకి చెప్పడానికి కాటా గది గుమ్మం దాకా వెళ్ళారు. లోపల ఆ పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతలి నుంచి జవాబు రాకపోతుంటే, ‘నాన్నా, నాన్నా’ అంటోంది. ఆయన గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశారు.

శనివారం సుబ్బలక్ష్మి గారు కొత్త ఆపరేటర్ సంగతి చూడటానికి కారులో దిగారు. హేమంత్‌కుమార్ కూడా ఉన్నాడు. కాటా మీద ఒక లారీ, వెనక వరసగా లారీలు, హమాలీలు. వెంకట్రాజు గారు స్నానం చేసి, చెప్పులు విడిచి, బకెట్టు కాకుండా గునపం పట్టుకుని వచ్చారు. అచ్చమ్మ అడ్డం నిలబడి అపచారమంది. ఆయన గునపం నేలకి ఆనించి, అందరికీ వినపడేలా చెప్పారు.

“ఇందులో ఎవరూ లేరు అచ్చమ్మా. బొగ్గూ ఉప్పూ ఒక రాగి రేకూ ఉన్నాయి. ఇది ఎర్తు గుంట. దీనికి నీళ్ళు వెళ్ళే గొట్టాన్ని టైల్సు పెట్టి నేనే మూయించాను. కంప్యూటరు పడుకుంటోంది అందుకే. ఆ అమ్మాయి తప్పు అందులో ఏమీ లేదు. నాకు తెలిసి కూడా చెప్పలేదు.”

నాలుగు పోట్లకి టైలు పగిలింది. కోసేసిన గొట్టం నోరు తెరుచుకుని కనపడింది. నీళ్ళు పోస్తే గుటగుటా తాగింది. ఇంకో బకెట్టు పోస్తే అదీ తాగింది. హమాలీలు వరసగా మోసుకొచ్చి పోస్తూనే ఉన్నారు. చాలాసేపటికి గొట్టం మూతి దాకా నీళ్ళు నిలిచాయి. హేమంత్‌కుమార్ ఈసారి ఎవరి మర్యాదా చూడకుండా మీటరు పెట్టి, తల ఊపి, కేబులు దూర్చాడు. తెర మూల గడియారం కదులుతూనే ఉంది. లారీ కాటా దిగింది. తెర మీద అంకె సున్నా అయింది. సుబ్బలక్ష్మి గారి చేతిలో ఫోను కూడా సున్నా చూపించింది.

అప్పుడు అచ్చమ్మ నెమ్మదిగా చెంపలు వేసుకుంది.

“దాహంతో ఉండిపోయింది తల్లి. గొంతు మూసేశాం కదండీ. ఆఖరికి బాబుగారికి చెప్పుకుంది.”

“ఆయ్, అంతేనండి,” అన్నాడు ఒక హమాలీ.

వెంకట్రాజు గారు కాదన్నారు, మళ్ళీ కాదన్నారు, బి.యస్సీ. అని కూడా అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట ఎవరి చెవినా పడలేదు. తప్పంతా తన మీద వేసుకుంటున్నారు, ఎంత పెద్ద మనసో అని డ్రైవర్లు చెప్పుకున్నారు. తవుడు వ్యాపారి ఈసారి గొట్టానికి ఇత్తడి గరాటు చేయిస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలు కూడా టైల్సు మీద నీళ్ళలాగే జారిపోయింది. సుబ్బలక్ష్మి గారు గుంట వైపు ఒక నమస్కారం, మేనేజరు వైపు ఒక చూపు పడేసి, స్టెల్లాతో పని చూసుకోమ్మా అన్నారు.

లారీలు కదిలాయి. స్టెల్లా చీటీ అచ్చు వేసి డ్రైవరుకిచ్చి, ఆయన వైపు తిరిగింది.

“బుధవారం హేమంత్‌కుమార్ గారు అడిగినప్పుడు నేనిక్కడే ఉన్నాను సార్. అప్పటికే తెలుసాండీ మీకు?”

అబద్ధానికి ఇంకా చోటు ఉంది. ముందురోజు రాత్రే తట్టిందని చెప్పవచ్చు.

“చెబుతూ ఉండగానే తెలిసిందమ్మా.”

స్టెల్లా తల ఊపింది. మా నాన్న ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడటం లేదు సార్ అని మాత్రం అని, తర్వాతి లారీకి చెయ్యి ఊపింది.

ఆదివారం వెంకట్రాజు గారు బస్సెక్కారు. గణపవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. గట్ల మీద కొబ్బరి మొక్కలు, నీళ్ళల్లో మేత కోసం కట్టిన తవుడు సంచులు. అవన్నీ తన కాటా దిగి వచ్చినవే. పల్లెలో దిగి స్టెల్లా నాన్న గురించి అడిగితే, యోబు గారు చర్చి దగ్గరే ఉన్నారన్నారు. ఆరాధన అప్పుడే అయింది. రేకుల పందిరి కింద జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. యోబు ఆ సంఘంలో పెద్ద, ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఆయనే. ఆ పూట చదవలేదట. ముందుకి పిలిచినా రాకుండా వెనక గోడ పక్కన కూర్చున్నారట.

వెంకట్రాజు గారు ఆయనతో పక్కకి వెళ్ళి మాట్లాడదామనే వచ్చారు. అందరి కళ్ళూ తన మీద పడ్డాయి గనక, పక్కకి వెళ్తే ఇంకో గద్దె కట్టినట్టే అవుతుందనిపించి, నిలబడ్డ చోటనే చెప్పారు. గుంటా, గొట్టమూ, టైల్సూ, బుధవారమూ. స్టెల్లా తప్పు చేయలేదనీ, చేసింది తనేననీ, తెలిసి కూడా ఆ పిల్ల మీద పడనిచ్చాననీ.

ఇక్కడ ఎవరూ చెంపలు వేసుకోలేదు. పెద్ద మనసని ఎవరూ అనలేదు. చెప్పిందంతా చెప్పినట్టే నమ్మారు. ఆయన జీవితంలో ఇంతమంది ఆయన మాట ఇంత పూర్తిగా నమ్మడం ఎప్పుడూ జరగలేదు. ఒక ముసలావిడ మాత్రం ఆయన వంక ఒకసారి చూసి, పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుని దూరంగా నడిచింది.

యోబు లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేశారు.

“కూర్చోండి సార్. ఎండనపడి వచ్చారు.”

“పర్లేదండీ,” అన్నారు వెంకట్రాజు గారు.

“ఇదంతా మా అమ్మాయి నిన్న సాయంత్రమే చెప్పిందండీ. మీరు వస్తారో రారో అన్నదొక్కటే తెలీలేదు.”

వెంకట్రాజు గారు కూర్చున్నారు. యోబు మంచినీళ్ళు తెప్పించి ఇచ్చి, తను కూర్చోకుండా, ఆయన తాగేదాకా మర్యాదగా పక్కనే నిలబడ్డారు. జనమూ కదలలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు. ఖాళీ అయ్యాక కూడా దాన్ని చాలాసేపు తాగుతూనే ఉన్నారు.